డ్రాగన్ బొమ్మా, బొందు ముడా?

వీపు మధ్యలో ముడి వేసుకుని వెల్లకిలా పడుకోవడం ఎవరివల్లా కాదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మాకు పదకొండు లోదుస్తుల శాంపిల్స్ పట్టాయి. పదకొండోది వేసుకుని రాత్రంతా పడుకుని, పొద్దున్నే లేచి మా ఫ్రెండ్ వీచాట్‌లో ఒక ఫోటో పంపింది. వెన్నుపూస మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి ముద్ర. కింద ఒక ఏడుపు మొహం బొమ్మ తప్ప ఇంకేమీ రాయలేదు. పట్టు బాగుంది, కుట్టు బాగుంది, ఫోటోల్లో అయితే చెప్పక్కర్లేదు, వీపు మీద సీతాకోకచిలుక వాలినట్టున్న ఆ ముడిని చూసి అందరూ అబ్బ అన్నవాళ్ళే. ఆ అన్నవాళ్ళలో ఒక్కరూ దాన్ని వేసుకుని ఎనిమిది గంటలు ఉండలేదు మరి.

నేనెవరినో చెప్పాలి కదా. మాది మచిలీపట్నం పక్కన పెడన. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఆడవాళ్ళ లోదుస్తులు కుట్టి విదేశాలకు పంపే ఫ్యాక్టరీలో, ప్యాటర్న్ సెక్షన్‌లో ఏడేళ్ళు చేశాను. లేసులు, ఎలాస్టిక్కులు, హుక్కులు చూసుకు రమ్మని చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి పంపితే అక్కడ ఎలాస్టిక్ అమ్మే షాపులో లెక్కలు రాస్తూ ఆ ఫోటో పంపిన అమ్మాయి కనబడింది. అదే రాష్ట్రంలో షాంతౌ వైపు మనిషి. నన్ను "జ్యే" అంటుంది, అంటే అక్క. నేను చెల్లీ అంటాను, ఆ మాట తనకి నోరు తిరగదు గానీ పిలిస్తే పలుకుతుంది. నాలుగేళ్ళ కిందట ఆ ఉద్యోగం మానేసి షాంఘైలో రెండు గదుల ఇల్లు తీసుకుని, ఇద్దరు కుట్టేవాళ్ళని పెట్టుకుని సొంత బ్రాండు మొదలుపెట్టింది. ప్యాటర్న్‌లు నేను విశాఖలో కూర్చుని గీసి పంపుతాను. బ్రాండు పేరు రాయను, ఇదేం ప్రకటన కాదు.

"చైనా వారసత్వంతో లోదుస్తులు" అని నోటి నుంచి ఊడిపడగానే ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే. డ్రాగన్ ఎంబ్రాయిడరీ చేయించు. పియోనీ పువ్వులు వేయించు. చీపావ్ అనే చైనా గౌనుకుండే కాలరు పెట్టు, ఆ గుడ్డతో మెలితిప్పిన గుండీలు పెట్టు. యూరప్‌లో షాపు ఉన్న ఒకావిడ అయితే మా మొదటి శాంపిల్స్ చూసి, చాలా బాగున్నాయి గానీ ఇంకొంచెం "ఓరియంటల్"గా, అంటే తూర్పు దేశాల వాసనతో ఉంటే బాగుంటుందని మెయిల్ పెట్టింది. చెల్లి ఆ మెయిల్ నాకు పంపి, ఏం చేద్దాం అని అడిగింది. అడిగినప్పుడే తను సగం ఒప్పేసుకుందని నాకు అర్థమైంది, ఎందుకంటే ఆవిడ చెప్పిన ఆర్డరు మా ఏడాది అమ్మకాల్లో మూడో వంతు.

నేను వద్దన్నాను. ఆ రోజు ఫోన్లో గంటన్నర వాదించుకున్నాం, ఈ వ్యాసంలో ఉన్నది చాలావరకు ఆ వాదనే. లోదుస్తుల్లో వారసత్వం అంటూ ఉంటే అది కటింగ్‌లో ఉండాలి. పైన డ్రాగన్ కుట్టి, లోపల అందరూ పెట్టే కప్పే పెట్టి, అందరూ దూర్చే వైరే దూర్చితే అది పెంకుటింటి బొమ్మ అంటించిన అపార్ట్‌మెంట్ గోడ లాంటిది. బయటి నుంచి ఫోటో తీసుకోవచ్చు, లోపల ఉక్కపోత మాత్రం అదే.

చైనావాళ్ళకి దూదో అని ఒక బట్ట ఉంది. దూదికీ దీనికీ చుట్టరికం లేదు, పొట్టని కప్పేది అని అర్థం. నలుచదరపు గుడ్డని మూలగా తిప్పి పై మూల కాస్త కత్తిరిస్తే మెడ దగ్గర అంచు వస్తుంది, కింది మూల బొడ్డు దాటి వాలుతుంది. మెడ వెనక ఒక తాడు, నడుం వెనక ఒక తాడు. అంతే, అయిపోయింది. పాతకాలంలో ఒక్కో రాజవంశం నాటికి ఈ రకం లోబట్టకి ఒక్కో పేరు, ఒక్కో ఆకారం ఉన్నాయి, సుంగ్ కాలంలో రొమ్ముల మీదుగా చుట్టే మోష్యుంగ్ ఒకటి ఉండేది. ఈ నాలుగు మూలల దూదో మాత్రం చింగ్ కాలంలో ఇంటింటా కనబడేది, ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ పిల్లలూ కూడా వేసుకునేవాళ్ళు. పొట్టకి చలి తగిలితే సర్వ రోగాలూ వస్తాయని అక్కడి వైద్యంలో గట్టి నమ్మకం కాబట్టి కొన్నిటికి లోపల జేబు కుట్టి మందు దినుసులు పెట్టేవాళ్ళు. పసిపిల్లలకైతే ఐదో నెల ఐదో రోజు వచ్చే డ్రాగన్ పడవల పండక్కి పాము, తేలు, జెర్రి, కప్ప, బల్లి కుట్టిన ఎర్ర దూదో వేస్తారు. విషపు పురుగుల్ని బట్ట మీద చూపించి విషాన్ని దూరంగా ఉంచడం అన్నమాట, మన దిష్టిచుక్కకి దూరపు చుట్టం. చూశారా, అక్కడ బొమ్మకి కూడా ఒక పని ఉంది. ఊరికే అందం కోసం తేలుని ఎవరు కుట్టుకుంటారు?

ఇంకో సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు, గుడ్డ చేత్తో పట్టుకున్నాకే తెలిసింది. మన దగ్గర ఏ టైలరునడిగినా చెబుతారు, క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుంటుందని. నేతకి ఏటవాలుగా కత్తిరిస్తే మామూలు గుడ్డే సాగుతుంది. చదరపు గుడ్డని మూలగా తిప్పి కట్టుకోవడమంటే ఇదే, ఒక్క ముక్క కూడా వృథా చేయకుండా మొత్తం గుడ్డని క్రాస్‌లో వాడటం. లైక్రా పుట్టడానికి కొన్ని వందల ఏళ్ళ ముందు సాగే లోబట్ట కావాలంటే దారి ఇది. ఎర్ర పట్టు చదరం ఒకటి కత్తిరించి నా డమ్మీ మీద వేలాడదీసి, ఛాతీ కింద అది లోపలికి వాలే తీరు చూస్తూ ఆ సాయంత్రం టీ చల్లారబెట్టేసుకున్నాను.

అప్పుడే మా నాయనమ్మ ముడి రవిక గుర్తొచ్చింది. హుక్కుల్లేవు, కాజాల్లేవు, ముందు రెండు కొసలు తెచ్చి ముడేసుకునేది. పొద్దున పొలానికి వెళ్ళేటప్పుడు బిగించి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వదులు చేసి, ఐదు కాన్పులకి ముందూ తర్వాతా అవే రవికలు. ఆవిడ సైజు ఎంత అని అడిగితే ఆవిడకి ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

సైజు అన్నమాట వచ్చింది కాబట్టి డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే సొంత బ్రాండు పెట్టినవాళ్ళని ముంచేది డిజైన్ కాదు, సైజులు. మామూలు బ్రా తీసుకోండి. చుట్టుకొలత 30 నుంచి 40 వరకు ఆరు, కప్పు ఏ నుంచి ఇ దాకా ఐదు. ముప్ఫై సైజులు. మూడు రంగులు అంటే తొంభై రకాలు. ఒక్కో దాంట్లో ఇరవై చొప్పున కుట్టించినా 1,800 బ్రాలు గదిలో కూర్చుంటాయి, అందులో 34బిలు నెలలో అయిపోతాయి, 30ఇలు రెండేళ్ళైనా అలాగే ఉంటాయి. పైగా ఒక్కో బ్రాకి పాతిక ముప్ఫై విడిభాగాలు: వైరు, వైరు దూరే పట్టీ, వెనక హుక్కులు, చిన్న రింగులు, స్లైడర్లు, రెండు మూడు రకాల ఎలాస్టిక్. వాటిని లేసు రంగులోనే అద్దించమంటే అద్దకంవాళ్ళు కనీసం ఇన్ని మీటర్లని చెప్పే లెక్క విని చెల్లి ఒకసారి కాల్ కట్ చేసేసింది. అదే ముడితో కట్టుకునేది అయితే మూడు సైజులు, మూడు రంగులు, ఇరవై చొప్పున 180. పదో వంతు. మిగిలిన డబ్బు మంచి పట్టుకి పెట్టొచ్చు. పెట్టుబడి లేని మనిషికి దూదో చేసిపెట్టే ఉపకారం ఇది, ఏ డ్రాగనూ చెయ్యదు.

ఇంత చెప్పాక ఒకరు నన్ను అడిగారు, చైనా వారసత్వం గురించి తెలుగమ్మాయివి నీకెందుకు ఇంత పట్టుదల అని. న్యాయమైన ప్రశ్నే. ఏది వాళ్ళ వారసత్వం, ఏది కాదు అనేది నేను చెప్పకూడదు, చెప్పను కూడా. ఆ మాట చెల్లిది. నేను చెప్పేది ప్యాటర్న్ సంగతి. కలంకారీ ఊళ్ళో పెరిగినదాన్ని కాబట్టి ఇంకొకటి కూడా తెలుసు, చెట్టు బొమ్మా నెమలి బొమ్మా స్క్రీన్ మీద ప్రింటు కొట్టి కలంకారీ అని అమ్మితే మా వీధిలోవాళ్ళ కడుపు ఎలా మండుతుందో.

వారసత్వం అనగానే పాతదంతా మంచిదే అన్నట్టు మాట్లాడటం కూడా నాకు పడదు. దూదో తర్వాత ఏమొచ్చిందో చూడండి. చింగ్ చివరి రోజుల నుంచి పట్నాల్లో చదువుకున్న ఆడపిల్లల్లో "షియావ్ మాజ్యా" ఒకటి వాడుకలోకి వచ్చింది, అంటే చిన్న చొక్కా. వినడానికి ముద్దుగా ఉంది. బిగుతైన గుడ్డ, ముందు వరుసగా దగ్గర దగ్గరగా గుండీలు, రొమ్ములు కనబడకుండా నొక్కేయడమే దాని పని. పాదాలు కట్టడం మానమని 1912లో కొత్త రిపబ్లిక్ చెప్పింది, ఛాతీ కట్టడం మాత్రం అప్పుడే ఫ్యాషనైంది. ఊపిరి ఆడదని, పిల్లలకి పాలు పడవని గోల మొదలై, 1927 జులైలో జూ జ్యాహ్వా అనే అధికారి ప్రతిపాదిస్తే గ్వాంగ్‌డాంగ్ ప్రభుత్వం ఛాతీ కట్టడాన్ని నిషేధించింది. మూడు నెలల గడువు, ఆ తర్వాత కూడా కట్టుకుంటే 50 యువాన్లకి తక్కువ కాకుండా జరిమానా. దానికి "సహజ రొమ్ముల ఉద్యమం" అని పేరు. ఆడదాని జాకెట్టు లోపల ఏముండాలో నిన్నటిదాకా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, ఇప్పుడు సర్కారు చెబుతోంది, ఆవిడని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

సరే కట్టొద్దన్నారు, మరి ఏం వేసుకోవాలి? ఆ ఖాళీలోకి విదేశీ బ్రా వచ్చింది. అప్పట్లో దానికి పెట్టిన పేర్లలో ఒకటి "యీరూ". పెట్టుడు పళ్ళు అంటామే, అలాగ పెట్టుడు రొమ్ములు. నాకు ఆ పేరు మహా ఇష్టం, ఎందుకంటే తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఫోమ్ కప్పుకి అంతకన్నా నిజమైన పేరు ఎవరూ పెట్టలేదు.

ఈ కథంతా వెబ్‌సైట్‌లో పెట్టమని చెల్లికి చెప్పాను. తను భయపడింది. కొనేవాళ్ళకి వెన్నెల, తామరపువ్వు, రాజకుమారి అంతఃపురం కావాలి గానీ జరిమానాల కథ ఎందుకు జ్యే అంది. చివరికి పెట్టింది, మూడు వాక్యాల్లో. ఆ మూడు వాక్యాల గురించి వచ్చినన్ని మెసేజ్‌లు పట్టు గురించి రాలేదు.

ఇక షాంతౌ. చెల్లి వాళ్ళ ప్రాంతానికి లోదుస్తులు కొత్త కాదు. అక్కడి గురావ్ అనే ఒక్క ఊళ్ళోనే ఏడాదికి 35 కోట్ల బ్రాలు తయారవుతాయని కొన్నేళ్ళ కిందట పత్రికల్లో వచ్చింది. అంతకుముందు, 19వ శతాబ్దం చివర్లో, మిషనరీలు వచ్చి గుడ్డలోంచి పోగులు లాగి మిగిలిన పోగుల్ని లేసులా కట్టే పని నేర్పారు. ఆ చేతి రుమాళ్ళు, టేబుల్ గుడ్డలు దేశదేశాలకి వెళ్ళాయి. ఇప్పుడు దాన్ని షాంతౌ సంప్రదాయ కళ అంటారు. తప్పేం కాదు, నాలుగైదు తరాలు వేళ్ళు అరగదీసుకున్నాక అది వాళ్ళదే. చెల్లి వాళ్ళ నాయనమ్మ కూడా ఆ పని చేసిందే. ఆవిడని ఆమా అని పిలుస్తారు, నాకు పలకడానికి ఏ ఇబ్బందీ లేని చైనా మాట అదొక్కటే. ఆమా చేసిన రుమాలు ఒకటి వెలుగులో పట్టుకుని చూస్తే, సాలెగూడులో చేప ఈదుతున్నట్టు ఉంటుంది. మా రెండో కలెక్షన్లో దూదో పై అంచుకి రెండు వేళ్ళ వెడల్పున ఆ పోగుల పని పెట్టాం. ఓరియంటల్ మెయిల్ ఆవిడ చూసి, ఇది యూరప్ లేసులా ఉందే అంది. ఏం చెబుతాం.

ఎరుపు గురించి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. నా వాదనంతా కటింగ్ అని, రంగూ బొమ్మా పక్కన పెట్టమని కదా. కానీ చైనాలో ఈ రోజుకీ బతికున్న లోదుస్తుల ఆచారం ఒకటుంది, అది పూర్తిగా రంగు మీదే నడుస్తుంది. పన్నెండేళ్ళకోసారి తను పుట్టిన జంతువు రాశి ఏడాది మళ్ళీ వస్తే ఆ మనిషికి గండం అంటారు, ఆ ఏడాదంతా ఎర్ర లోదుస్తులు వేసుకుంటే గండం తప్పుతుందంటారు. కొత్త సంవత్సరం ముందు సూపర్ మార్కెట్ నుంచి పెద్ద బ్రాండు దాకా అందరి షెల్ఫూ ఎర్రగా మారిపోతుంది. అమ్మలు కొడుకులకి ఎర్ర డ్రాయర్లు కొనిస్తారు, వాళ్ళు సిగ్గుపడుతూనే వేసుకుంటారు. ఇక్కడ నేను ఓడిపోయానని ఒప్పుకుంటాను. బ్రాండు మొదలైన రెండో ఏడాది మేం బతికి బట్టకట్టింది ఎరుపు వల్లే.

అదే ఎరుపు మూడో ఏడాది మమ్మల్ని ముంచబోయింది. పండక్కి ఐదు వారాల ముందు అద్దకం నుంచి వచ్చిన పట్టు, చూడటానికి కుంకుమలా ఉంది. చెల్లి తొందరలో ఉతికి చూడలేదు. 140 కుట్టేశాక కుట్టే ఆవిడ చెయ్యి తడిగా ఉండి తగిలితే వేళ్ళు గులాబీ రంగైపోయాయి. ఒంటికి అంటుకునే బట్టకి చెమట పరీక్ష తప్పకుండా చెయ్యాలి, తెల్ల కాటన్ గుడ్డ తడిపి నొక్కి ఒక రాత్రి ఉంచినా సగం సంగతి తెలిసిపోతుంది. ఆ మాట ఏడేళ్ళు ఫ్యాక్టరీలో నేను అందరికీ చెప్పినదాన్నే, తనకి మాత్రం గుర్తుచేయలేదు. అద్దకంవాళ్ళు మా తప్పేం లేదన్నారు. రాత్రి రెండింటికి వీడియో కాల్‌లో ఇద్దరం బకెట్ల వంక చూస్తూ కూర్చున్నాం, తను అక్కడ, నేను ఇక్కడ. మళ్ళీ మళ్ళీ ఉతికి, రంగు వదలడం ఆగినవి 90 మిగిలాయి. ఆ 50 ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి, శాంపిల్ గుడ్డ కింద కోసి వాడుతున్నాం.

నలుపు కూడా ఉంది, దాని గురించి కొంచెం గర్వంగానే చెబుతాను. గ్వాంగ్‌డాంగ్‌లోనే షుండె దగ్గర ఒక పట్టు చేస్తారు. దుంప రసంలో ముంచి ఎండబెట్టి, ముంచి ఎండబెట్టి, చివర్లో నది బురద పూసి కడిగేస్తే ఒకవైపు నల్లగా, రెండోవైపు గోధుమరంగులో మిగులుతుంది. దుంపలోని వగరుకి బురదలోని ఇనుము తగిలి వచ్చే నలుపు అది. చెల్లి ఇది చైనాలో తప్ప ఎక్కడా లేదని ఫోన్లో చెబుతుంటే నాకు నవ్వాగలేదు, ఎందుకంటే మా పెడనలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన కసిమి పడగానే నల్లబడేది కూడా ఆ వగరూ ఇనుమూ కలిసే. బురద మాత్రం వాళ్ళ సొంతం, ఒప్పుకున్నాను. ఆ గుడ్డ ఎండాకాలం ఒంటికి అంటుకోదు గానీ కొత్తలో కొంచెం పెళుసు, ముడి దగ్గర నలిగితే పూత పోతుంది. అందుకని దూదోకి వాడలేదు, పైన వేసుకునే వదులు అంగీకి వాడాం.

దూదోని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. దాంతో పెద్ద చిక్కుంది. అది కప్పుతుంది గానీ మొయ్యదు. బరువంతా మెడ వెనక తాడు మీద పడుతుంది, ఛాతీ కాస్త పెద్దగా ఉన్నవాళ్ళకి సాయంత్రానికి మెడ లాగేస్తుంది. 2000లో కాన్స్ చిత్రోత్సవంలో సినిమా నటి జాంగ్ జియీ ఎర్ర దూదో వేసుకుని కనబడ్డాక అది పైబట్టగా కూడా ఫ్యాషనైపోయింది, కానీ అందరూ జాంగ్ జియీలు కారు. సంప్రదాయం కదా అని నొప్పిని అమ్మితే షియావ్ మాజ్యా అమ్మినట్టే. అందుకే లోపల రొమ్ముల కింద వెడల్పాటి కాటన్ పట్టీ ఒకటి పెట్టాం, బరువు దాని మీదకి దింపాం, మెడ తాడుని వెనక గుణకారం గుర్తులా తిప్పి భుజాల మీదకి పంచాం. వీపు ముడిని ఎడమ పక్కకి, చంక కింద నాలుగు వేళ్ళ దూరానికి జరిపాం. పక్కకి తిరిగి పడుకున్నా గుచ్చుకోకుండా ముడి కాకుండా చదునైన పట్టీ చుట్టు మాత్రమే అక్కడ ఉండేలా మూడు నెలలు కుస్తీ పడ్డాం. దాన్ని చూసి ఇది అసలైన దూదో కాదని హాన్‌ఫూ అనే పాతకాలపు చైనా దుస్తుల అభిమాని ఒకడు పెద్ద ఉత్తరం రాశాడు. నిజమే, కాదు.

అయినా ఇప్పుడు చైనాలో జనం వైర్లు వదిలేస్తున్నారు. 2012లో మొదలైన నేవాయ్ లాంటి బ్రాండ్లు, ఒకే సైజు బ్రాతో పేరు తెచ్చుకున్న యూబ్రాస్ లాంటివి మెత్తదనాన్ని అమ్మి పెద్దవైపోయాయి. వాటి ముందు మేం చీమలం. వాళ్ళలా లైవ్ వీడియోలు పెడదామంటే అదొక తలనొప్పి, ఆడవాళ్ళు లోదుస్తులు వేసుకుని చూపిస్తే ప్రసారం ఆపేస్తున్నారని కొన్ని కంపెనీలు 2023లో మగవాళ్ళకే వాటిని తొడిగి అమ్మించాయి. చెల్లి నవ్వి నవ్వి ఆ వీడియోలు నాకు పంపేది. మేం డమ్మీకి తొడిగి ముడి ఎలా వేయాలో చేతులు మాత్రం చూపిస్తాం. 40 సెకన్ల వీడియో, మాటల్లేవు, ఎక్కువమంది చూసింది అదే.

పోయిన నెల కొత్త శాంపిల్ తీసుకుని చెల్లి ఊరెళ్ళింది. ఆమాకి 84 ఏళ్ళు. కళ్ళద్దాలు పెట్టుకుని, పై అంచు పోగుల పని మీద వేలితో ఒకసారి రాసి, ఏమీ అనలేదట. తిరగేసి కుట్టు చూసింది. పక్క పట్టీ లాగి చూసింది. తర్వాత కింది మూలలో, బొడ్డు దగ్గర, లోపలివైపు చెయ్యి పెట్టి తడుముతూ, జేబేదీ అని అడిగిందట.

నాలుగేళ్ళు కటింగ్, కటింగ్ అని అరిచినదాన్ని, జేబు సంగతి నాకెందుకు తట్టలేదో తెలీదు. క్రాస్ గుడ్డకి జేబు కుడితే ఆ చోట సాగడం ఆగిపోయి కింది మూల పైకి ఎగురుతుంది. జేబుని కూడా క్రాస్‌లోనే కత్తిరిస్తే నోరు సాగి వేలాడుతుంది. నిన్న రాత్రికి ఐదు రకాలుగా కుట్టి చూశాను, ఐదోది ఫర్వాలేదు, కానీ దాంట్లో అల్లం ముక్క కూడా సరిగ్గా పట్టట్లేదు.